కాక్టస్, అడీనియం: అంటు కట్టాలా, కొమ్మ నాటాలా, విత్తనం వేయాలా?

కాక్టస్ పెంచడం మొదలుపెట్టిన ఏడాదిలోపే చాలామందికి అంటు మీద, అంటే ఒక మొక్క ముక్కను ఇంకో మొక్క కాండం మీద అతికించి పెంచడం మీద, మనసు పోతుంది. పచ్చని మూడు పలకల కాడ మీద ఎర్రగానో పసుపుగానో మెరిసే గుండ్రటి కాక్టస్ నర్సరీలో కంటపడుతుంది. అలాంటిది ఇంట్లోనే చేసుకోవచ్చని తెలియగానే బ్లేడు, రబ్బరు బ్యాండ్లు సిద్ధమవుతాయి. ఆ ఉత్సాహం మంచిదే. కాకపోతే కోత నేర్చుకునే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. చేతిలో ఉన్న మొక్కకు అసలు అంటు అవసరమా? అవసరమైతే దేని మీద కట్టాలి? రెండో ప్రశ్నను పట్టించుకునేవారు బహు తక్కువ. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. మొక్క ఎంత నీరు తాగుతుంది, ఎంత చలికి ఓర్చుకుంటుంది, ఎన్నేళ్లు నిలుస్తుంది అన్నవి చాలావరకు కింది కాండం చేతిలో ఉంటాయి. ఆ కాండాన్నే తోట పనివారు వేరుమూలం అంటారు.

అంటు అక్కర్లేని మొక్కలు

మామిలేరియా, ఎకినాప్సిస్, కొన్ని రకాల జిమ్నోకాలిసియం, హవార్తియా, కలబంద వాటంతట అవే పిలకలు పెడతాయి. వీటికి అంటు కట్టడం శ్రమ దండగ. పిలక కాస్త ఎదిగాక వేళ్లతో పట్టుకుని మెల్లగా తిప్పితే ఊడివస్తుంది. ఎకినాప్సిస్ పిలకలకైతే తల్లి మొక్క మీద ఉండగానే చిన్న వేళ్లు పుడతాయి. నాలుగైదు రోజులు నీడలో ఆరనిచ్చి, ముతక ఇసుక ఎక్కువగా కలిపిన మట్టిలో కూర్చోబెడితే సరిపోతుంది.

నిలువుగా పెరిగే సీరియస్, నాగజెముడు, డ్రాగన్ ఫ్రూట్, మన ఇళ్లలో బ్రహ్మకమలం అని పిలుచుకునే ఎపిఫిల్లం, వీటికి కొమ్మ ముక్క నాటడమే దగ్గరి దారి. బ్రహ్మకమలంలో ఆకులా కనిపించేది చదునైన కాండం. జానెడు ముక్క కోసి, కింది వైపు ఏదో గుర్తుపెట్టుకుని నాటాలి. తలకిందులైతే వేళ్లు రావడం కష్టం.

కొమ్మ ముక్కల విషయంలో గెలుపోటములు ఆరబెట్టడంలోనే తేలిపోతాయి. కోసిన చోట తడి పూర్తిగా ఆరి, మధ్యభాగం కొద్దిగా లోపలికి గుంటపడి, వేలితో తాకితే గట్టిగా, గరుకుగా తగలాలి. అప్పటిదాకా మట్టి మొహం చూపించకూడదు. బ్రహ్మకమలం లాంటి పలచని ముక్కకు మూడు నాలుగు రోజులు చాలు. ముంజేయంత లావున్న సీరియస్‌కు రెండు మూడు వారాలు పడుతుంది. ఊరిని బట్టి కూడా తేడా ఉంటుంది. అనంతపురం పొడిగాలిలో తొందరగా ఆరే ముక్క కాకినాడ ఉక్కపోతలో తడిగానే ఉండి బూజు పట్టవచ్చు. సముద్రతీరంలో ఉన్నవారు కోసిన ముఖానికి గంధకం పొడి అద్ది, గాలి ఆడే చోట ముక్కను నిలబెట్టడం మేలు. పడుకోబెడితే కాండం వంకర తిరుగుతుంది, పక్క నుంచి వేళ్లు వస్తాయి. నాటిన తర్వాత కూడా వేళ్లు మొదలయ్యేదాకా నీరు పోయకూడదు. పట్టుకుని కదిపితే ముక్క కొంచెం బిగువుగా తగిలిన రోజున మొదటి నీరు పోయండి.

ఆకు నుంచి పుట్టే వాటి సంగతి ఇంకా తేలిక. రణపాల ఆకు అంచుల్లో పిల్ల మొక్కలు వాటంతట అవే వస్తాయి. గ్రాప్టోపెటాలం అనే దళసరి ఆకుల మొక్క నుంచి ఆకును మొదలుతో సహా ఊడదీసి పొడి మట్టి మీద వదిలేస్తే చాలు. ఎచెవేరియా కూడా ఇలాగే వస్తుంది, కానీ మన వేసవి రాత్రుల వేడికి అది సతమతమవుతుంది. కొత్తవారు గ్రాప్టోపెటాలంతో మొదలుపెట్టడం మంచిది.

విత్తనం: ఓపిక ఉన్నవారి దారి

ఆస్ట్రోఫైటం లాంటి కాక్టస్ మొక్కలు మామూలుగా పిలకలు పెట్టవు. కొమ్మలూ ఉండవు. తల నరికితే మొక్క అందమంతా పోతుంది. అలాంటి వాటికి విత్తనమే సహజమైన మార్గం. విత్తనాల మొక్కల్లో ఉన్న సంతోషం ఇంకెందులోనూ లేదని నా నమ్మకం. ఒకే కాయలోని గింజల నుంచి వచ్చిన పిల్లల్లో ఒకదాని మీద తెల్లచుక్కలు దట్టంగా ఉంటాయి, ఇంకొకదాని మీద పలచగా ఉంటాయి. జపాన్ పెంపకందారులు ఆస్ట్రోఫైటం ఆస్టీరియాస్ నుంచి తెల్లమచ్చల సూపర్ కబుటో రకాన్ని తయారుచేసింది ఇలాంటి తేడాలను ఏరి, ఏరి పెంచడం వల్లే. కొమ్మ నాటినా అంటు కట్టినా వచ్చేది తల్లి నకలే.

ఈ పనిలో మన వాతావరణం మనకు పెద్ద సాయం. చాలా కాక్టస్ విత్తనాలు 25 నుంచి 30 డిగ్రీల వేడిలో బాగా మొలుస్తాయి. చలి దేశాల్లో దీనికోసం కుండీల కింద కరెంటు వేడి పరుపులు పెట్టుకుంటారు. మనకు ఫిబ్రవరిలోనో అక్టోబరులోనో వరండా చాలు. తాజా ఆస్ట్రోఫైటం గింజ మూడు రోజుల నుంచి వారంలోపు మొలకెత్తుతుంది. గింజ పాతబడేకొద్దీ ఆ శక్తి త్వరగా తగ్గిపోతుంది కనుక నిల్వ గింజలు కొనకండి.

జల్లెడపట్టిన ముతక ఇసుక, ఇటుక పొడి, కొద్దిగా కొబ్బరి పొట్టు కలిపి, వేడినీళ్లు పోసి చల్లార్చాలి. గింజలను పైన చల్లాలి, మట్టి కప్పకూడదు. కుండీని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగిస్తే లోపలి తేమ నాలుగైదు వారాలు నిలుస్తుంది. ఎండ నేరుగా తగలకూడదు, వెలుతురు మాత్రం బాగా ఉండాలి. మొలకలు ఎర్రబారితే వెలుతురు ఎక్కువైందని అర్థం. పొడవుగా సాగి పాలిపోతే తక్కువైనట్టు. ఒక మొలక అడుగున నీళ్లు పట్టినట్టు మెత్తబడి పక్కకు వాలిందంటే బూజు తెగులు వచ్చింది. దాన్ని చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేసి, మిగతా వాటికి గాలి తగలనివ్వాలి. ఆలస్యం చేస్తే కుండీ మొత్తం పోతుంది.

సొంత గింజలు కావాలంటే ఒక్క మొక్క చాలదు. చాలా కాక్టస్‌లు తమ పుప్పొడితో తాము కాయ కట్టవు. ఒకే సమయంలో పూసిన రెండు వేర్వేరు మొక్కల మధ్య మెత్తని కుంచెతో పుప్పొడి మార్చాలి. ఆ రెండూ ఒకే మొక్క నుంచి తీసిన పిలకలైతే ప్రయోజనం లేదు.

విత్తనం వేయడంలో ఇంకో మేలు కూడా ఉంది. ఆస్ట్రోఫైటం ఆస్టీరియాస్ సొంత ఊరు టెక్సస్ దక్షిణ అంచు, మెక్సికో ఈశాన్య ప్రాంతం. అక్కడి నేల మీద నుంచి వాటిని తవ్వి అమ్ముకునే దొంగలున్నారు. 2015లో వెలువడిన అంతర్జాతీయ అంచనా ప్రకారం కాక్టస్ జాతుల్లో 31 శాతం అంతరించిపోయే ముప్పులో ఉన్నాయి. ఇంటి వరండాలో గింజ నుంచి పెరిగిన ప్రతి మొక్క అడవి మొక్క మీద భారం తగ్గిస్తుంది.

అంటు నిజంగా అవసరమయ్యేది ఎప్పుడు?

ఆ రంగు కాక్టస్ సంగతి మొదట చూద్దాం. అది పరాగ్వే ప్రాంతానికి చెందిన జిమ్నోకాలిసియం మిహనోవిచీ. 1941లో జపాన్‌లో ఎయిజి వతనబె తన నారులో ఎర్రటి మొలకలను గుర్తించి, వాటిని అంటు కట్టి బతికించాడు. వాటిలో పత్రహరితం లేదు, సొంతంగా ఆహారం తయారుచేసుకోలేవు. కాబట్టి ఆ రంగు మొక్కకు అంటు విలాసం కోసం కాదు, ప్రాణం కోసం. దాన్ని కోసి మట్టిలో నాటితే వేళ్లు వచ్చినా ఆకలితో చస్తుంది. పచ్చదనం అక్కడక్కడా మాత్రమే ఉన్న రంగుమచ్చల రకాలకు, విసనకర్రలా విప్పారే క్రెస్ట్ రకాలకు కూడా అంటు మేలు చేస్తుంది.

ఇంకో సందర్భం కుళ్లు. వానాకాలంలో ఆస్ట్రోఫైటం మొదలు మెత్తబడిందని గమనించారనుకోండి. కింది నుంచి పొరలు పొరలుగా కోసుకుంటూ పోవాలి. కోసిన ముఖం మధ్యలో నీరు, ఆహారం మోసే నాళాల వలయం ఒకటి కనిపిస్తుంది. ఆ వలయంలో నారింజ రంగు చుక్క ఒక్కటి ఉన్నా తెగులు పైకి పాకిందని అర్థం. బ్లేడును స్పిరిట్‌తో తుడిచి ఇంకో పొర తీయాలి. ముఖమంతా శుభ్రంగా, లేత ఆకుపచ్చగా ఉన్న చోట ఆగాలి. మిగిలిన తలను ఆరబెట్టి వేళ్ల కోసం ఎదురుచూడవచ్చు, కానీ వానాకాలపు తేమలో మళ్లీ కుళ్లే ప్రమాదం ఎక్కువ. ఇలాంటప్పుడు మాత్రం కాలం చూడకుండా వెంటనే అంటు కట్టేయడమే సరైన పని.

ఇక చివరిది వేగం. నెమ్మదిగా పెరిగే అరియోకార్పస్ అనే కాక్టస్ గింజ నుంచి పూతకు రావడానికి పదేళ్ల దాకా పట్టవచ్చు. మొలక దశలోనే అంటు కడితే ఆ కాలం ఎంతో తగ్గుతుంది. అయితే దీనికో మూల్యం ఉంది. అంటు మీద వేగంగా ఉబ్బిన కాక్టస్‌కు సొంత వేళ్ల మీద ఎండకు, కరువుకు ఓర్చుకుంటూ పెరిగినదాని బిగువు రాదు. ముళ్లు పలచబడతాయి, ఒళ్లు వదులవుతుంది, కొన్ని అసలు రూపమే మారిపోతాయి. గింజలు త్వరగా కావలసినవారికి అంటు సరైనది. మొక్క అందం చూసుకోవాలనుకునేవారికి నేను సొంత వేళ్లే సిఫారసు చేస్తాను.

దేని మీద కట్టాలి?

డ్రాగన్ ఫ్రూట్ కాడ అందరికీ దొరుకుతుంది. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు డ్రాగన్ తోటలు చాలాచోట్ల ఉన్నాయి. కత్తిరింపుల్లో తీసేసిన కొమ్మలు అడిగితే రైతులు ఇస్తారు. ముక్క నాటిన కొద్ది వారాల్లోనే వేళ్లు వస్తాయి, కాడ మెత్తగా తెగుతుంది, పై ముక్కను త్వరగా పట్టుకుంటుంది. నర్సరీలకు కావలసింది కూడా ఇదే కనుక రంగు కాక్టస్‌లు ఎక్కువగా దీని మీదే వస్తాయి.

కానీ స్వభావరీత్యా ఇది ఎడారి మొక్క కాదు. వెచ్చని అడవుల్లో చెట్లను పట్టుకుని పాకే కాక్టస్. రాత్రి వేడి 10 డిగ్రీల కంటే తగ్గితే దీనికి ఇబ్బంది మొదలవుతుంది, అప్పుడు తడి కూడా ఉంటే కాడ పసుపు పచ్చబడి కుళ్లుతుంది. విజయవాడ, నెల్లూరు, విశాఖలో ఈ బెంగ లేదు. ఆదిలాబాద్‌లో, అరకు వైపు, హైదరాబాద్ శివార్లలో చలికాలం రాత్రులు దీన్ని లోపల పెట్టుకోవాలి. అంతకన్నా పెద్ద చిక్కు నీటి దగ్గర వస్తుంది. ఆస్ట్రోఫైటం చలికాలమంతా పొడిగా ఉండాలంటుంది. కింది డ్రాగన్ కాడ అన్నాళ్లు నీరు లేకుండా ముడుచుకుపోతుంది. ఒకే కుండీలో రెండు రకాల దాహాలు. ఎవరి మాట వినాలో తెలియక పెంచేవారు తికమకపడతారు. పైగా కొన్నేళ్లకు పై ముక్క బరువెక్కి, సన్నని కాడ గట్టిపడి, మొక్క ఒరిగిపోతుంది. రంగు కాక్టస్‌లు కొద్ది సంవత్సరాలకే చనిపోతాయన్న ఫిర్యాదు వెనుక చాలాసార్లు ఉండేది ఈ కాడే. చేయి తిరగడానికి, తాత్కాలికంగా పెంచడానికి డ్రాగన్ బంగారం. శాశ్వత నివాసానికి పనికిరాదు.

శాశ్వతంగా కావాలంటే నా ఓటు సీరియస్‌కే. డాబాల మీద, గేటు పక్కన నిలువుగా ఎదిగే నీలిఛాయ పచ్చని కాక్టస్ అది. చలికి, ఎండకు, మరచిపోయిన నీటికి ఓర్చుకుంటుంది. కాండం లావు కనుక పై ముక్క ఎంత బరువెక్కినా నిలబెడుతుంది. మొక్కను మరీ ఉబ్బించదు. ముక్కకు వేళ్లు రావడానికి మాత్రం నెల పైనే పడుతుంది, కాబట్టి అంటు కట్టాలనుకునే కాలానికి చాలా ముందే నాటి ఉంచుకోవాలి. మరో ఇబ్బంది, ముదురు సీరియస్‌లో ఆ మధ్య వలయం చాలా పెద్దది. ఉసిరికాయంత పై ముక్కకు సన్నని లేత కాండమే కుదురుతుంది. అంటు పట్టాక పక్క నుంచి సీరియస్ సొంత మొలకలు వేస్తుంది. వాటిని కనిపించిన వెంటనే గిల్లేయాలి, లేకపోతే బలమంతా అటే పోతుంది.

మిర్టిల్లోకాక్టస్ బూడిద పూసినట్టున్న నీలిరంగు కాండంతో చూడటానికే ముచ్చటగా ఉంటుంది. పై ముక్కను సీరియస్ కన్నా చురుగ్గా పెంచుతుంది. జిమ్నోకాలిసియం, ఆస్ట్రోఫైటం రెండూ దీని మీద బాగా పట్టుకుంటాయి. వేడిని ఇష్టపడుతుంది కనుక రాయలసీమకు, కోస్తాకు సరిపోతుంది. చలి, నీరు నిలవడం దీనికి పడవు. అడుగు భాగం త్వరగా చేవదేలుతుంది, కోత ఎప్పుడూ లేత పచ్చని పై భాగంలోనే వేయాలి. దొరికితే వదలకండి. అన్ని నర్సరీల్లో ఉండదు, ధర కూడా కాస్త ఎక్కువే.

మొలకలను అంటు కట్టాలంటే పెరెస్కియోప్సిస్‌కు సాటి లేదు. ఆకులుండే సన్నని కాక్టస్ ఇది. మొలిచి కొద్ది రోజులే అయిన, ఆవగింజకు కాస్త పెద్దదైన మొలకను కూడా దీని కొసన నిలపవచ్చు. కట్టడానికి బ్యాండు కూడా అక్కర్లేదు, మొలక తడికే అతుక్కుంటుంది. రెండు మూడు రోజులు తేమగా మూసి ఉంచితే చాలు. ఎప్పుడూ తడి, వెచ్చదనం కోరుతుంది, సన్నని నూగు ముళ్లతో చేతుల్ని బాధపెడుతుంది. మొక్క పెద్దదయ్యాక దీని మీద నుంచి కోసి సీరియస్ మీదకో, సొంత వేళ్ల మీదకో మార్చాలి.

ఊరి చివర ఉచితంగా దొరికే నాగజెముడు మీద కూడా అంటు పడుతుంది. నేను మాత్రం దాన్ని చివరికి ఉంచుతాను. కోసిన ముఖం జిగురుతో జారుతుంది, నూగు ముళ్లు బట్టలకు కూడా అంటుకుంటాయి, పై ముక్క అడ్డదిడ్డంగా ఉబ్బుతుంది. తెల్లటి దూది అంటినట్టు కనిపించే కొచినీల్ పురుగు దీన్ని వెతుక్కుంటూ వస్తుంది. దక్షిణ భారతంలో అదుపు తప్పిన నాగజెముడును అణచడానికి 1926లో శ్రీలంక నుంచి తెప్పించినది ఆ పురుగునే. దానికి ఇష్టమైన తిండిని ఏరికోరి మన మంచి మొక్కల మధ్యకు తెచ్చుకోవడం ఎందుకు?

అమెరికాలో డల్లాస్, న్యూజెర్సీ లాంటి చోట్ల ఉన్న తెలుగువారు సీరియస్‌ను గానీ, అక్కడ సులువుగా దొరికే మరో నిలువు కాక్టస్ ట్రైకోసీరియస్‌ను గానీ ఎంచుకోవాలి. చలికాలం నెలల తరబడి నీరు ఆపినా అవి తట్టుకుంటాయి.

కోత

ముందురోజు వేరుమూలానికి నీరు పోయండి. ఒళ్లు నిండుగా ఉన్న కాండమే అంటును పట్టుకుంటుంది. కొత్త బ్లేడు తీసుకుని స్పిరిట్‌తో తుడవండి. రంపంలా ముందుకూ వెనక్కూ లాగకుండా ఒకే లాగుతో అడ్డంగా కోయాలి. తర్వాత అంచు చుట్టూ, పెన్సిల్ చెక్కినట్టు, తోలును ఏటవాలుగా తీసేయాలి. ఇది చాలామంది వదిలేసే పని. గుజ్జు ఆరేకొద్దీ లోపలికి కుంగుతుంది, తోలు కుంగదు. అంచు అలాగే ఉంటే రెండు రోజుల్లో అదే పై ముక్కను ఎత్తిపట్టి విడదీస్తుంది.

ఇప్పుడు కాండం పైన కాగితమంత పలచని చక్రాన్ని ఇంకొకటి కోసి, దాన్ని అక్కడే ఉంచండి. పై ముక్కను సిద్ధం చేసేదాకా ముఖం ఆరకుండా అది కాపాడుతుంది. పై ముక్కను కూడా అలాగే కోసి, ఆ చక్రాన్ని పక్కకు తోసి, పక్క నుంచి జరుపుతూ కూర్చోబెట్టాలి. అలా జరిపితే మధ్యలో గాలి బుడగ ఉండదు. రెండు ముఖాల్లోనూ కనిపించే వలయాలు ఒకదానితో ఒకటి కలవాలి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే మధ్యకు మధ్య పెట్టకండి. పెద్ద వలయం లోపల చిన్నది పడిపోయి, ఎక్కడా తాకకుండా ఉండిపోతుంది. కొద్దిగా పక్కకు జరిపితే రెండు గీతలు రెండు చోట్ల ఒకదాన్నొకటి దాటుతాయి, అది చాలు.

రెండు రబ్బరు బ్యాండ్లను కుండీ అడుగు నుంచి తల మీదుగా కూడిక గుర్తులా వేయాలి. ముక్క కదలకూడదు, తోలు మీద గాటు పడకూడదు. నీడలో, వాన పడని చోట వారం పది రోజులు ఉంచాలి. కోత మీద చుక్క నీరు పడకూడదు. బ్యాండ్లు తీసిన తర్వాత ముక్క గట్టిగా నిలబడి, నడినెత్తిన కొత్త ముళ్లు లేతగా పొడుచుకొస్తే అంటు పట్టినట్టే. ముక్క ఊడివచ్చినా వదిలేయనక్కర్లేదు. రెండు ముఖాలనూ తాజాగా కోసి అదే రోజు మళ్లీ కట్టవచ్చు.

అడీనియం: మూడు దారులూ తెరిచి ఉన్న మొక్క

ఎడారి గులాబీ అని పిలుచుకునే అడీనియం విషయంలో ఎంపిక ఇంకా ఆసక్తిగా ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ ఏ దారిలో వెళితే ఆ రూపం వస్తుంది. ఉబ్బిన మొదలు, మెలికలు తిరిగిన వేళ్లు కావాలంటే విత్తనమే వేయాలి. కొమ్మ ముక్క నాటితే బతుకుతుంది, పూస్తుంది, కానీ ఆ బొద్దు మొదలు అంత అందంగా రాదు. నచ్చిన పువ్వు, ముఖ్యంగా రేకులు ముద్దగా ఉండే రకాలు కావాలంటే అంటు కట్టడమే దిక్కు. ముద్దపువ్వుల మొక్క గింజల నుంచి అదే పువ్వు వస్తుందన్న హామీ లేదు.

నా సలహా రెండూ కలిపి చేయడం. గింజ నుంచి పెంచిన మొక్కను రెండేళ్లు సొంతంగా ఎదగనిచ్చి, ఏడాదికోసారి పైకెత్తి నాటుతూ వేళ్లు బయటపడేలా చేసి, మొదలు బాగా తయారయ్యాక దాని కొమ్మల మీద నచ్చిన రకాల అంటు కట్టండి. కడియం వైపు నర్సరీల్లో దొరికే రకాల నుంచి వేలెడు కొమ్మ ముక్క దొరికినా చాలు. రెండు ముఖాలూ సమానమైన లావులో ఉంటే అడ్డకోత అంటు, లావు తేడా ఉంటే ఆంగ్ల వి అక్షరం ఆకారంలో చీల్చి దించే అంటు వేయాలి. పై ముక్క ఆకులన్నీ తుంచి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి, పైన చిన్న పాలిథిన్ కవరు తొడిగితే ఆరిపోకుండా ఉంటుంది. రెండు మూడు వారాల్లో చిగురు కనిపిస్తుంది.

గింజల కోసం కాయను ఉంచేవారు, జంట కొమ్ముల్లాంటి ఆ కాయ చుట్టూ ముందే దారం చుట్టాలి. పగిలిందంటే దూది కుచ్చులున్న గింజలు గాలికి కొట్టుకుపోతాయి. అడీనియం రసం విషం. ఆఫ్రికాలో దాన్ని బాణాల మొనలకు పూసేవారు. పని అయ్యాక చేతులు, కత్తి సబ్బుతో కడగాలి, పిల్లల్ని దగ్గర ఉండనివ్వకూడదు.

జెముడు జాతి వేరు

కాడజెముడు, ఆకుజెముడు, బొమ్మజెముడు కూడా ముళ్లతోనో, రసం నిండిన కాండంతోనో కాక్టస్‌లాగే కనిపిస్తాయి. గిల్లితే పాలు కారతాయి. అవి యుఫోర్బియా కుటుంబం. పేరులో జెముడు ఉన్నా నాగజెముడు మాత్రం కాక్టసే. కాక్టస్‌ను వాటి మీద కడితే ఎప్పటికీ పట్టదు. జెముడు మీద జెముడు మాత్రమే పడుతుంది. నర్సరీల్లో పగడపు దిబ్బలా అమ్మే మొక్క యుఫోర్బియా లాక్టియా క్రెస్ట్ రకం, దాన్ని తరచూ ఆకుజెముడు కాండం మీదే అంటు కడతారు. మన పొలం గట్ల మీద ఆకుజెముడుకు కొదవ లేదు కనుక ఇది ఇంట్లో చేయదగ్గ పని. కోసిన వెంటనే కారే పాలను తడిగుడ్డతో అద్ది, ఆగాకే జతచేయాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా మాత్రం కోయవద్దు. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

ఏ కాలంలో?

రథసప్తమి దాటి ఎండ చురుక్కుమన్నప్పటి నుంచి ఉగాది దాకా అంటుకు, కొమ్మలకు, విత్తనాలకు అన్నిటికీ శ్రేష్ఠమైన రోజులు. రోహిణి కార్తె ఎండల్లో కోసిన ముఖం నిమిషాల్లో ఆరిపోతుంది, మొక్కలు కూడా సగం నిద్రలో ఉంటాయి. మృగశిర తర్వాత వానల్లో కుళ్లు భయం. వానలు వెనకపట్టాక, చిత్త, స్వాతి కార్తెల్లో మళ్లీ అవకాశం వస్తుంది. ఆ తర్వాత చలి ముదిరేలోపు అంటు కుదుటపడుతుంది. అడీనియానికి మాత్రం వేసవి ముందు రోజులే మంచివి. చలికాలంలో అది ఆకు రాల్చి పడుకుంటుంది.

కొనాలనుకుంటే

అంటు కాక్టస్ కొనేటప్పుడు మొదట కింది కాడను నొక్కి చూడండి. గట్టిగా, పచ్చగా ఉండాలి. పసుపు మచ్చ, మెత్తదనం ఉంటే పైన రంగు ఎంత బాగున్నా వదిలేయండి. కాక్టస్ నెత్తిన గరగరలాడే ఎండు పువ్వు ఉంటే అది జిగురుతో అంటించినది కావచ్చు, మెల్లగా తాకితే తెలిసిపోతుంది. డ్రాగన్ మీదున్న రంగు కాక్టస్ కొని తెచ్చుకున్నా, అది ఆరోగ్యంగా ఉండగానే పిలకలు తీసి సీరియస్ మీద కట్టి ఉంచుకోండి. తల్లి పోయినా రకం మిగులుతుంది.

విదేశాల నుంచి తెప్పించుకోవాలనుకునేవారికి ఒక మాట. అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం ఉంది. అరియోకార్పస్, ఆస్ట్రోఫైటం ఆస్టీరియాస్ లాంటివి మరింత కఠినమైన మొదటి అనుబంధంలో ఉన్నాయి. పత్రహరితం లేని రంగు జిమ్నోకాలిసియం అంటు మొక్కలకు ఆ ఒప్పందం నుంచి మినహాయింపు ఉంది, కానీ మన దేశంలోకి ఏ మొక్క రావాలన్నా దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. పోస్టులో గుట్టుగా పంపిస్తామనే అమ్మకందారుల దగ్గర కొనకండి. పశ్చిమ బెంగాల్‌లోని కలింపాంగ్ నర్సరీలు గింజ నుంచి పెంచిన మంచి మొక్కలను దేశంలోనే అమ్ముతున్నాయి.